కాలర్ పట్టుకుని అడగడం

"సగ్గుబియ్యం వడియాల్లో మిరియాలేత్తారేటమ్మా?" అని ఫోన్లో అడిగాడు ఆనందపురం జంక్షన్‌లో భోజనం హోటల్ నడిపే ఆసామి.

నాకు అర్థం కాలేదు. "మిరియాలేంటండీ బాబూ? జీలకర్రా ఉప్పూ పచ్చిమిర్చీ తప్ప నేనింకేమీ వెయ్యనే," అన్నాను.

"మరి ఈ నల్లవేటి? జనం కంచంలో ఎట్టుకుని ఏరతన్నారు," అన్నాడు.

ఆ సాయంత్రమే రెండు సంచులూ వెనక్కి వచ్చేశాయి. ఒక వడియం తీసి కిటికీ దగ్గర వెలుతురుకెత్తి చూశాను. మిరియాలు కాదు, నా మొహమూ కాదు. బొగ్గు. వడియం పెట్టిన పూట పిండి తడిగా ఉన్నప్పుడు పడి, ఎండేసరికి లోపల ఇరుక్కుపోయిన బొగ్గు నలుసులు. దులిపితే పోవు, కడగడానికి అది బియ్యం కాదు. ఆ రెండు సంచుల్నీ చెత్తబండిలో పోయడానికి నాకు మనసొప్పలేదు, అయినా పోశాను. పోసి వచ్చి గుమ్మంలో కూర్చుని, ఎవరూ లేరు కదా అని గట్టిగానే తిట్టాను.

మాది మల్కాపురం. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు, నేను ఇక్కడే పుట్టాను. ఇక్కడ పుట్టినవాళ్ళకి దుమ్ము కొత్తేం కాదు. ఆరేసిన బట్టలు తీసి రెండుసార్లు దులిపి మడతపెట్టడం మాకు చిన్నప్పుడే చేతులకి వచ్చేస్తుంది. కానీ ఈ దుమ్ము వేరు. మా వీధి వెనక రైలు పట్టాలూ, తుమ్మచెట్లూ, రెండు గోడలూ దాటాక చాలాకాలం ఖాళీగా ఉన్న స్థలంలో ఎవరో బొగ్గు యార్డు పెట్టారు. దాని పేరు రాయను. భయపడి కాదు. పేరు రాస్తే ఆ ఒక్కటే తప్పు చేసినట్టూ, మిగతావాళ్ళంతా బంగారాలైనట్టూ ఉంటుంది.

బొగ్గు గుట్టని కదిపేటప్పుడు నీళ్ళు చల్లుతూ కదపాలి. అందుకు ఆ యార్డులో గొట్టాలున్నాయి, పంపుంది, అన్నీ ఉన్నాయి. ఎవరైనా చూడ్డానికి వస్తున్నారంటే వానాకాలంలా చల్లుతారు. ఎవరూ రాని రోజుల్లో తెల్లవారుజామునే, వీధి లేవకముందే, పొడిబొగ్గు తవ్వి లారీలకెత్తేస్తారు. ఆ దుమ్ము అక్కడే గాల్లో నిలబడి, తీరిగ్గా, నేను మేడ ఎక్కి తెల్ల పంచె పరిచి వడియాలు పెట్టే వేళకి దిగుతుంది. ఆరింటికి నేల తుడిస్తే తడిగుడ్డ నల్లబడుతుంది, ఏడింటికి మళ్ళీ తుడిస్తే మళ్ళీ నల్లబడుతుంది.

సరే, వీటన్నిటినీ చూడాల్సిన ఆఫీసు ఒకటుంది కదా అని వెళ్ళాను. ఫోన్‌తో తీసిన ఫోటోలు చూపించాను. ఆఫీసరు పెద్దమనిషే, కుర్చీ వేశాడు, కసురుకోలేదు. ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు.

"ఇది మంచేనమ్మా," అన్నాడు.

"మంచు నల్లగా ఉంటుందా సార్?"

"అంటే, యార్డువాళ్ళు అలా అంటారు. వీటిలో బండి నెంబరు కనబడదు, మనిషి కనబడడు, నీళ్ళ గొట్టం పనిచేస్తోందో లేదో తెలీదు. రేపు నేను వాళ్ళని ఏం చూపించి అడగాలి? స్పష్టంగా ఒక్క ఫోటో తీసుకురండి, అప్పుడు చూద్దాం." అని ఊరుకున్నా బాగుండేది. లేచి నమస్కారం పెట్టేటప్పుడు ఇంకో సలహా ఇచ్చాడు. "ఈలోగా వడియాలు ఇంకెక్కడైనా ఎండబెట్టుకుంటే సరిపోతుంది కదమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా మేడ, నా పంచె, నా ఎండ. ఇంకెక్కడికి పోతాను? వాళ్ళ బొగ్గుకి నీళ్ళు చల్లడం కంటే నేను ఇల్లు మారడం తేలికా? బస్సులో వస్తున్నంతసేపూ ఆయనకి చెప్పాల్సిన జవాబులు ఒకటొకటే గుర్తొచ్చాయి, అన్నీ ఆలస్యంగా. ఒక్క మాట మాత్రం నిశ్చయం చేసుకున్నాను. స్పష్టంగా ఒక్క ఫోటో అన్నాడు. ఫోటో సంగతి నాకు చెబుతున్నాడు! 

ఎందుకంటే పద్దెనిమిదేళ్ళు మా ఆయనా నేనూ ఇదే మల్కాపురంలో ఫోటో స్టూడియో నడిపాం. పెళ్ళిళ్ళలో మగవాళ్ళ వైపు ఆయన, ఆడవాళ్ళ వైపు నేను. పాస్‌పోర్టు ఫోటోలు, ఓణీల ఫంక్షన్లు, ఓడ పనికెళ్ళేవాళ్ళ కార్డుల ఫోటోలు. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక స్టూడియో మూసి వడియాల్లోకి దిగాం. మూసినా సామాను అమ్మలేదు. అందులో ఒక పెద్ద టెలీఫోటో లెన్సుంది. ఓడ మీద పనిచేసే ఒకతను దాన్ని మాకిచ్చి వెళ్ళాడు, మా ఆయన ముచ్చటపడి తీసుకున్నాడు. "దీంతో పెళ్ళికూతుర్ని పక్కూరి నుంచి తీస్తావా?" అని నేను అప్పట్లో ఏడిపించేదాన్ని. దానికొక డబ్లర్ కూడా ఉంది, అది తగిలిస్తే దూరం రెండింతలు దగ్గరవుతుంది. మేడ మీద నుంచి చూస్తే యార్డులో బొగ్గు ఎత్తే లోడరు బండి బకెట్ పళ్ళు లెక్కపెట్టొచ్చు. లేనిదల్లా కాలర్. అది సముద్రంలో పడిపోయిందని ఆ ఓడ మనిషి చెప్పాడు. నిజమో అబద్ధమో మాకు తెలీదు.

కాలర్ అంటే ఏమిటో చెప్పకపోతే మీకు నా బాధ తెలీదు. మామూలుగా కెమెరా అడుగున ఉన్న మరలోకి ట్రైపాడ్ స్టాండు బోల్టు ఎక్కించి బిగిస్తాం. కానీ కెమెరా ముందు కిలోన్నర లెన్సు వేలాడుతుంటే బరువంతా మూతి మీదే పడుతుంది. నిండు బిందెని చంకనెత్తుకోకుండా చిటికెనవేలికి తగిలించుకున్నట్టు ఉంటుంది. చిన్న గాలికే తల ఊపుతుంది. అందుకని లెన్సు నడుం చుట్టూ ఒక రింగు వేసి, రింగు కింద పాదంలాంటిది పెట్టి, ఆ పాదాన్ని స్టాండుకి బిగిస్తారు. అప్పుడు బరువు మధ్యలోకి వస్తుంది, కదలదు. ఆ రింగే కాలర్. మధ్యాహ్నం ఎండలో అయితే కాలర్ లేకపోయినా ఎలాగో తీసేయొచ్చు. తెల్లవారుజామున వెలుతురు తక్కువ, షట్టర్ నిదానంగా తెరవాలి, ఆ నిదానంలో ఊగిందంతా ఫోటోలో పడిపోతుంది. నాలుగు రోజులు తీశాను. నాలుగు రోజులూ ఆఫీసరన్న మంచే వచ్చింది.

మొదట జగదాంబ దగ్గర కెమెరా షాపుకి వెళ్ళాను. అద్దాల వెనక కూర్చున్న ఆయన నా లెన్సుని చేతిలోకి తీసుకుని, పాత చుట్టాన్ని చూసినట్టు నవ్వి, "ఇవి ఎప్పుడో ఆపేశారు మేడమ్, దీనికి కాలర్ రాదు. కొత్త లెన్సు తీసుకోండి, కాలర్ దానితోనే వస్తుంది," అన్నాడు. చెప్పు తెగిందంటే కాలు మార్చుకోమన్నట్టుంది ఆయన వరస. తర్వాత ఫోన్లో వెతికి ఒకటి తెప్పించాను. ఫోటోలో ఉంగరంలా ముద్దుగా ఉంది, తీరా వస్తే నిజంగానే ఉంగరమే, లెన్సు సగానికి కూడా ఎక్కలేదు. తిరిగి పంపాను. టైలర్ టేపుతో లెన్సు నడుం చుట్టూ కొలిస్తే ఇరవైనాలుగున్నర సెంటీమీటర్లు. ఆ నడుంకి సరిపడే కాలర్ ఈ భూమ్మీద ఎక్కడా అమ్మడం లేదు.

వీధిలో అప్పటికే కథ పాకిపోయింది. కొళాయి దగ్గర పక్కింటావిడ, "కాలరు కోసం ఊరంతా తిరగతన్నావంట. కుక్కనెప్పుడు తెచ్చుకున్నావు సెప్పనేదు?" అంది. 

"కుక్కకి కాదు, నన్ను చూసి మొరిగేవాళ్ళకి," అన్నాను. ఆవిడ నవ్వింది. మాది అలాంటి స్నేహం.

మా ఆయన మాత్రం నవ్వలేదు. ఆయనది నెమ్మది స్వభావం. అన్నం కలుపుకుంటూ, "ఎందుకే ఈ గొడవ? పెద్దపెద్దవాళ్ళతో మనకెందుకు? మిషను కొనుక్కుని లోపలే ఎండబెట్టుకుందాం," అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదని నాకూ తెలుసు. అందుకే ఇంకా కోపం వచ్చింది. మిషను కొంటే నేను ఓడిపోయినట్టు కాదు. వాళ్ళని ఎవరూ అడక్కుండానే వాళ్ళు గెలిచినట్టు. అది నా వల్ల కాదని చెప్పాను. ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

పక్కింటావిడే చివరికి దారి చెప్పింది. "మన రెండో సందులో ఫిట్టరున్నాడు కదా, ఆడికి సెప్పు. ఇనపదేదైనా సేసేత్తాడు."

ఆ ఫిట్టరు యారాడలో చేపలు పట్టే కుటుంబం వాడు. తండ్రి సముద్రం మీద, తను ఇనుము మీద. నలభై ఏళ్ళుంటాయి. ఉదయం ఎక్కడో కాంట్రాక్టు పని, మధ్యాహ్నం నుంచి రేకుల షెడ్డులో ఇనుము తరిగే సొంత లేత్ మిషను. నన్ను అక్కా అంటాడు, అతని పెళ్ళికి ఆల్బం మేమే చేశాం. లెన్సుని పాత చీరలో చుట్టి తీసుకెళ్ళాను. పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో అందుకుని, వెర్నియర్ పెట్టి కొలిచి, ఒక చెక్కముక్క మీద పెన్సిల్‌తో రాసుకున్నాడు. 

"దీని నడుంకి కాలర్ కావాలి తమ్ముడూ. కింద స్టాండుకి బిగించడానికి మర ఉండాలి. గట్టిగా ఉండాలి, అది ముఖ్యం. చాలా గట్టిగా ఉండాలి."

"నువ్వు సెప్పాలా? అల్యూమినియం దిమ్మలో తీసేత్తాను. ఇంతకీ ఏటి తీత్తావు దీంతో? ఓడలా?"

చెప్పాను. యార్డూ, పొడిబొగ్గూ, వడియాలూ, ఆఫీసరూ, మంచూ, అన్నీ చెప్పాను. చెబుతున్నకొద్దీ అతని మొహం మారింది. వెర్నియర్ని గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు. తుడవాల్సినదానికంటే ఎక్కువసేపే తుడిచాడు.

"నాను పొద్దుట సేసే పని ఆడే అక్కా," అన్నాడు. "ఆ నీళ్ళ పంపు సూసేది నానే."

లెన్సు తీసుకుని వెళ్ళిపోదామనుకున్నాను. అతనే దాన్ని బల్ల మీద నా వైపు నుంచి తన వైపుకి జరుపుకున్నాడు. 

"దీన్నిక్కడ ఒగ్గీ. పని పనే. ఆదివారానికి అవుతాది," అన్నాడు.

ఆదివారం కాలర్ ఇచ్చాడు. చూస్తే కళ్ళు చెదిరాయి. రెండు అర్ధచంద్రాలు, అటో బోల్టు ఇటో బోల్టు, అంచులన్నీ నున్నగా రుద్ది, వెండి కడియంలా ఉంది. ఇంటికొచ్చి లెన్సుకి తొడిగి రెండు బోల్టులూ బిగించాను. బిగించాక ఫోకస్ రింగు పట్టుకుని తిప్పబోతే కదల్లేదు. మళ్ళీ తిప్పాను. వెల్డింగ్ చేసినట్టు ఉండిపోయింది. కాలర్ లెన్సు నడుంని నొక్కేసింది. బోల్టులు విప్పితే మెల్లగా ఫోకస్ కదిలింది, బతికిపోయాను. సరేలెమ్మని కొంచెం వదులుగానే పెట్టి స్టాండు మీద కూర్చోబెడదామనుకుంటే, పాదం కింద ఉన్న చిల్లులోకి స్టాండు బోల్టు అసలు ఎక్కనే లేదు. 

రెండు తప్పులు. పెళ్ళికి మంగళసూత్రాలు చేయడానికి కూడా పనికొచ్చే పనివాడు రెండు తప్పులు చేస్తాడా? పైగా ఆ యార్డులో పంపు మనిషి! నా బుర్రలో ఒకే మాట తిరిగింది: కావాలనే చేశాడు. చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తులేదు, రెండో సందులోకి వెళ్ళిపోయాను.

నాకు కోపం వస్తే గోదావరి మాట పోయి వీధి మాట వచ్చేస్తుంది. "ఏటిది? ఏటి సేసేవు నువ్వు?" అని షెడ్డు బయటే మొదలుపెట్టాను. "సెయ్యనంటే సెయ్యనని సెప్పాల. ఇలా లెన్సు పీక నొక్కేసి ఇత్తావా? ఆ యార్డోడు సెప్పేడా నీకు?"

లేత్ ఆపేశాడు. అతని మొహం చూసి నేనే ఒక అడుగు వెనక్కి వేశాను. కోపం కాదది. చెంపదెబ్బ తిన్నవాడి మొహం.

"అక్కా, నన్ను ఎన్నైనా అను. నా సేతి పనిని అనకు," అన్నాడు. "కాలరన్నావు. గట్టిగా ఉండాలన్నావు. ఒక్కపాలి కాదు, రెండుపాల్లన్నావు. కాలరంటే ఏటి? మిసనులో తిరిగే షాఫ్ట్ మీద కాలరెందుకేత్తాం? కదలకుండా ఉండడానికి. వేడి సేసి తొడుగుతాం, సల్లారిందంటే ఇంక దేవుడొచ్చినా ఊడదు. అది కదిలిందంటే మిసను పోయినట్టే. నువ్వు గట్టిగా అంటే నాను బిగుతుగా సేసేను. తిరగాలని నువ్వు సెప్పేవేటి?"

చెప్పలేదు. నిజంగానే చెప్పలేదు. నేను గట్టిగా అన్నది విరగకుండా ఉండాలని. అతను విన్నది ఊపిరాడకుండా పట్టుకోవాలని. ఒక్క మాటకి మా ఇద్దరి దగ్గరా రెండు అర్థాలు. నా కాలర్ లెన్సుని మోయాలి, అంతే. లోపల లెన్సు తన పని తను చేసుకోవాలి, అవసరమైతే నిలువుగానో అడ్డంగానో తిరగాలి. పద్దెనిమిదేళ్ళు కెమెరా పట్టుకున్నాననే పొగరులో అది ఎదుటివాడికి చెప్పాలన్న సంగతే మర్చిపోయాను.

"మరి బోల్టు ఎందుకు ఎక్కలేదు?" అన్నాను, కానీ ఇందాకటి గొంతు లేదు.

స్టాండు తెమ్మన్నాడు. తెచ్చాను. బోల్టు చూసి తల కొట్టుకున్నాడు. "ఓలమ్మో, ఇది అంగుళాలది కదేటి! పావు అంగుళం. ఈ ఊళ్ళో ఏ పనైనా మిల్లీమీటర్లే కదా, సూడకుండా ఆరు మిల్లీమీటర్లకి మర కోసేను. ఇది మాత్రం నా తప్పే." ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నవ్వు ఎవరిది ముందో చెప్పలేను. 

"తమ్ముడూ, తప్పయింది. అలా అనకూడని మాట అనేశాను," అన్నాను. 

"అన్నాక ఏటి సేత్తాం? టీ తాగు," అన్నాడు.

పావు అంగుళం మర కోసే ట్యాప్ అతని దగ్గర లేదు. ఫిషింగ్ హార్బర్‌లో పాత బోటు ఇంజన్లు బాగుచేసే వాళ్ళ దగ్గర ఉంటుందని తనే వెళ్ళి తెచ్చాడు; ఆ ఇంజన్లు ఇప్పటికీ అంగుళాల్లోనే మాట్లాడతాయట. రింగుని లోపల కొంచెం పెద్దది చేశాడు. ఒకవైపు బోల్టు తీసేసి మడతబందు పెట్టాడు, రెండోవైపు చేత్తో తిప్పే మర పెట్టాడు. లోపలి మెత్త నేనిచ్చాను. మా స్టూడియోలో పెళ్ళికూతుళ్ళ వెనక కట్టే నల్ల వెల్వెట్ తెర అంచు కత్తిరించి అతికించాను. తొడిగి బిగిస్తే లెన్సు కూర్చుంది. ఫోకస్ నూనె వేసినట్టు తిరిగింది. అతను చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి తిప్పి, తనకే మెచ్చుకోలుగా తలాడించాడు.

"ఎప్పుడు తీత్తావు?" అన్నాడు.

"రేపట్నుంచి, రోజూ. పడేదాకా తీస్తాను."

"అయిదుంబావుకి మొదలెడతారు," అన్నాడు.

మర్నాడు తెల్లవారకముందే మేడ ఎక్కాను. గాలికి స్టాండు కదలకుండా మా ఆయన బియ్యం సంచి తెచ్చి దాని కాళ్ళ మధ్య వేలాడగట్టాడు. గొడవెందుకన్న మనిషే దుప్పటి కప్పుకుని పక్కన కూర్చున్నాడు. ఆ రోజు లారీలు రాలేదు. రెండో రోజు నిజంగానే మంచు. మూడో రోజు ఆకాశం కొంచెం తెల్లబడుతుండగా లోడరు కదిలింది. బకెట్ నిండా పొడిబొగ్గు ఎత్తి లారీలో పోసింది. నల్లటి దుమ్ము మేడంత ఎత్తు లేచి, విరిగి, మా వైపుకి వంగింది. ఊపిరి బిగపట్టి షట్టర్ నొక్కాను. లెన్సు కొండలా కూర్చుంది. ఇరవై ఏడు ఫోటోలు తీశాను.

కిందకొచ్చి పాత స్టూడియో కంప్యూటర్లో పెట్టి చూశాం. మా ఆయన "అబ్బా" అన్నాడు. లోడరు నెంబరు, లారీ నెంబరు, వరసగా ఉన్న నీళ్ళ గొట్టాలు, ఒక్కదాని నోట్లోనూ చుక్క లేదు. గొట్టాల చివర ఎర్ర చక్రం ఉన్న వాల్వు. ఆ వాల్వు పక్కన ఒక మనిషి. పెద్దది చేశాను. ఇంకా పెద్దది చేశాను. 

మా ఫిట్టరు. చేతులు రెండూ పక్కకి వదిలేసి, మొహం మా మేడ వైపు తిప్పి, నేరుగా లెన్సులోకి చూస్తున్నాడు.

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఈ ఫోటో ఇస్తే మొదట పోయేది ఎవరి ఉద్యోగమో అడగక్కర్లేదు. నీళ్ళు ఎందుకు వదల్లేదంటే పంపు మనిషి వదల్లేదంటారు, ఫోటోలో వాడే ఉన్నాడంటారు, వాణ్ణి తీసేశామంటారు, అయిపోయిందంటారు. నాకు కాలర్ చేసిచ్చిన చేతుల్నే నేను ఇరికించినట్టు అవుతుంది.

నేను స్టూడియో మనిషిని. మొటిమలు తుడిచాను, నల్లని పెళ్ళికొడుకుల్ని తెల్లగా చేశాను, పెళ్ళిలో అలిగి వెళ్ళిపోయిన మేనమామల్ని గ్రూపు ఫోటోలోంచి తీసేయమంటే తీసేశాను. ఒక మనిషిని తుడిచేసి వెనకాల బొగ్గుగుట్ట అతికించడం అరగంట పని. చేశాను. వాల్వు ఉంది, మనిషి లేడు. రెండూ ప్రింటు తీసి, మధ్యాహ్నం షెడ్డుకి పట్టుకెళ్ళి, అతను లేనిదాన్ని చూపించాను. 

"ఇదే ఇస్తాను. నీకు ఏ ఇబ్బందీ ఉండదు," అన్నాను.

ఫోటోని వెలుతురు వైపు తిప్పి చూశాడు. నేను మెచ్చుకుంటాడనుకున్నాను.

"నన్ను తుడిపేసేవా?" అన్నాడు. "మరి వాల్వు ఎవుడు మూసేడు, దెయ్యమా?"

"నీ పని పోతుంది తమ్ముడూ."

"పోతాది." ఫోటోని బల్ల మీద పెట్టాడు. "అక్కా, తడిత్తే బొగ్గు బకెట్టుకి అంటుకుంటాది, లోడు ఆలస్యమవుతాది, మూసీమంటాడు సూపర్‌వైజరు. నాను మూత్తాను. మూసేసి ఆడే నిలబడతాను. ఆడినుంచి నీ మేడ కనపడతాది, తెలుసా నీకు? నువ్వు నడుం వొంచి తుడుత్తావు. కిందకెళ్తావు. మళ్ళీ వచ్చి మళ్ళీ తుడుత్తావు. ఎన్ని రోజుల్నుంచి సూత్తన్నానో. నువ్వు ఫోటో తీత్తావని నాకు తెలుసు, ఎప్పుడు తీత్తావో తెలుసు. తప్పుకోవాలంటే గోడ ఎనక్కి నాలుగడుగులు. తప్పుకోలేదు. నువ్వేటి, నన్ను అడక్కుండా తీసి పారేత్తావు?"

నాకు ఏడుపొచ్చింది, అతని ముందు ఏడవడం ఇష్టం లేక కసిరాను. "సరే, నీ ఖర్మ. రేపు నేను ఆఫీసుకి వెళ్తాను. నువ్వు మాత్రం ఆ దరిదాపులకి రాకు. నీ పేరు నేను చెప్పను, ఎవరో తెలీదంటాను."

"సూద్దాం," అన్నాడు.

ఆ రోజు రాత్రి వంటింట్లో గిన్నెలు కడుగుతూ "తెలీదు సార్, ఎవరో పనివాడు" అన్న మాట నాలుగైదుసార్లు బయటికే అని చూసుకున్నాను. నా నోటికి అబద్ధం కొత్త కాదు, కానీ ఇది తిరగడం లేదు.

మర్నాడు పదిన్నరకి ఆఫీసులో అదే కుర్చీ, అదే ఆఫీసరు. ఫోటో బల్ల మీద పెట్టాను. పెద్ద సైజు ప్రింటు, తుడవనిది. ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. చాలాసేపు చూశాడు. మంచు అనలేదు. లోడరు నెంబరు మీద వేలు పెట్టాడు, గొట్టాల మీదుగా వేలు జరిపాడు, వాల్వు దగ్గర ఆపాడు.

"ఇది మీ మేడ మీద నుంచే తీశారా?" అన్నాడు.

"నా మేడ మీద నుంచే. నా వడియాలు ఎండబెట్టుకునే చోటు నుంచే," అన్నాను. ఆ మాట ఆయనకి తగలాలనే అన్నాను, తగిలింది.

"ఈ మనిషెవరో తెలుసా మీకు?"

నోరు తెరిచాను. నా వెనక, గుమ్మం దగ్గర బెంచీ కిర్రుమంది.

"నానే సార్," అన్నాడు మా ఫిట్టరు. యార్డు చొక్కాతోనే వచ్చాడు, ఆ రోజు పనికి వెళ్ళకుండా. వచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డాడు. 

ఆఫీసరు ఫోటోలో మొహాన్నీ ఎదురుగా ఉన్న మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. "నువ్వు అక్కడ పనిచేస్తున్నావా? ఇక్కడికొచ్చి ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా నీకు?"

"తెలత్తాంది సార్. వాల్వు మూసింది నాను. రోజూ నానే మూత్తాను. మూసీమన్నది ఎవుడో ఇప్పటిదాకా నన్ను ఒక్కడూ అడగనేదు. మీరడగండి, పేరుతో సెప్తాను."

పైన ఫ్యాన్ తిరుగుతోంది. ఆయన బల్ల మీద తెల్లకాగితాలున్నాయి. నేను ఒకటి తీసి, పైన పెన్ను పెట్టి ఆయన ముందుకి జరిపాను.